ఇంజను విప్పే ముందు

(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

మన సావనీరులో ఏటేటా సైన్సు విద్యార్థులు రాసే వ్యాసాలు రెండు రకాలు. ఒకటి అంతరిక్షం గురించి. రెండోది విజ్ఞానశాస్త్రం వరమా, శాపమా అని. నేనీసారి నల్లపొగ కక్కే ఒక పడవ ఇంజను గురించి రాస్తానంటే, సంపాదకవర్గంలోని మిత్రుడొకడు నవ్వి, "అది మెకానిక్కులు రాసుకోవలసిన సంగతి కదరా, మనకెందుకు?" అన్నాడు. సరిగ్గా ఆ మాట మీదే నా తగువు.

మాది కోనసీమలో ఒక లంక. ఊరు ఏటి మధ్యన, రోడ్డు ఏటికి ఇవతల. కోసిన అరటిగెలలు పడవ మీద ఇవతలి రేవుకు చేరితే, అక్కడనుంచి వ్యాను ఎక్కి రావులపాలెం మార్కెట్టుకు పోతాయి. పొద్దెక్కిన కొద్దీ వ్యాపారి ధర తగ్గించి అడుగుతాడు కాబట్టి మాకు పడవంటే విహారం కాదు, గడియారం. ఆ పడవ మా నాన్నదీ పెదనాన్నదీ ఉమ్మడి. దానికి బిగించిన ఇంజను ఒకప్పుడు చేలో నీళ్ళు తోడినదే: పది హార్సుపవరు, ఒకే సిలిండరు, డీజిలు. పలక మీద 1500 ఆర్.పి.యమ్. అని చెక్కి ఉంటుంది. గేరుబాక్సూ అదీ ఏమీ లేదు. ఇంజనుకు కప్లింగు, కప్లింగుకు పొడుగాటి ఇనుప షాఫ్టు, షాఫ్టు కొసన నీళ్ళలో తిరిగే ప్రొపెల్లరు. అంతే.

2022 జూలైలో వచ్చిన గోదావరి వరద చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాకా వెళ్ళిన వరద అది. పశువుల్నీ సామానునీ ఒడ్డుకు చేరవేస్తుంటే కొట్టుకొచ్చిన దుంగ ఒకటి తగిలి మా ప్రొపెల్లరు రెక్క వంగిపోయింది. నీళ్ళు తీశాక నాన్న పాతసామాన్ల కొట్లో ఇంకొకటి కొన్నాడు. పాతదానికంటే రవ్వంత పెద్దది. "పెద్ద రెక్క ఎక్కువ నీళ్ళు తోస్తుందండీ, పడవ ఇంకా పరుగెత్తుద్ది" అన్నాడట కొట్టతను. మాకూ నిజమేననిపించింది. పెద్ద ఎద్దును కడితే బండి జోరుగా పోదూ!

అప్పటినుంచే పడవకు దమ్ము పోయింది. లివరు చివరికంటా లాగినా ఇంజను ఒక గొంతు దగ్గర ఆగిపోయేది, ఆ పైకి పోయేది కాదు. సైలెన్సరు నుంచి నల్లటి పొగ. గెలలతో ప్రవాహానికి ఎదురు వెళుతుంటే ఒడ్డునున్న కొబ్బరిచెట్టు కదలకుండా నిలబడి మమ్మల్నే చూస్తున్నట్టుండేది. ఒకనాటి మునిమాపువేళ నడి ఏట్లో పడవ ముందుకు పోవడం మానేసి దిగువకు జారిపోయి ఇసుకమేటకు ఆనుకుంది. అందులో మా పెద్దమ్మ, ఇద్దరు కూలీలు ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆ తరువాత ఎవరు పడవెక్కినా అమ్మ రేవులో నిలబడి, అవతలి ఒడ్డు చేరిందాకా ఇంటికి వచ్చేది కాదు.

మొదటి మెకానిక్కు పొగ చూసి, "రింగులు పోయాయండీ" అన్నాడు. 2023లో ఇంజను విప్పాం. లైనరు, పిస్టను, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి. ఆ డబ్బుకోసం చూడిగేదెను అమ్ముకున్నాం. బిగించాక చప్పుడు మెత్తబడింది గాని పొగ నల్లగానే వచ్చింది, పడవ నత్తలాగే నడిచింది. 2024లో రెండో ఆయన వచ్చి నాజిలు మార్చి, డీజిలు పంపు దగ్గర సీలు తెంపి, ఆయిలు ఎక్కువ పోయేటట్టు స్క్రూ తిప్పాడు. రెండు రోజులు నయమనిపించింది. మూడోనాటికి పొగ మరీ చిక్కబడింది, డీజిలు ఖర్చు పెరిగింది, సైలెన్సరు మెడ ముట్టుకుంటే చర్మం అంటుకుపోయేలా కాలింది.

మరి నేనేం చేస్తున్నాను? ఫిజిక్సు చదువుతున్నాను. మార్కులు బాగానే వచ్చేవి. టార్కు అంటే ఏమిటి, పవరంటే ఏమిటి, ఫ్రీక్వెన్సీ అంటే ఏమిటి అని నిద్రలో లేపి అడిగినా నిర్వచనం అప్పగించగలను. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆ ఇంజను పక్కన కూర్చునే ఏరు దాటాను. ఒక్కసారైనా ఆ నిర్వచనాలకూ ఈ పొగకూ ఏదో చుట్టరికం ఉంటుందని తోచలేదు. ఒకరోజు నాన్న అడిగాడు: "ఏరా అబ్బాయ్, మీ పుస్తకాల్లో ఇంజనుండదా?" "ఉంటుంది నాన్నా, కార్నో ఇంజను" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ కంపెనీ పేరెప్పుడూ వినలేదన్నాడు.

2025 సంక్రాంతికి ఇంటికి వెళ్ళేసరికి మూడో మెకానిక్కు ఇంజనే మార్చెయ్యమని సలహా చెప్పి ఉన్నాడు. కొత్త ఇంజనంటే అప్పు. ఆ అప్పు తిరిగి తిరిగి ఎవరి చదువు మీదకు వస్తుందో లెక్క కట్టడానికి బి.యస్సీ. అక్కర్లేదు. ఆ రాత్రి మొదటిసారి ఆ ఇంజను గురించి కుదురుగా ఆలోచించాను.

ఆలోచిస్తే మొట్టమొదట సిగ్గనిపించిన సంగతి ఇది. "స్పీడు అందుకోవడంలేదు" అని రెండున్నరేళ్ళపాటు అందరం అన్నాం. అందుకోవలసింది ఎంత, అందుకుంటున్నది ఎంత? ఒక్కరూ కొలవలేదు. నాన్న కొలవలేదు, మెకానిక్కులు కొలవలేదు, కొలవడమే చదువైన నేనూ కొలవలేదు.

వేగం కొలిచే మీటరు మాకు లేదు. కాని నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకొకసారి పేలుతుంది. 1500 చుట్లంటే నిమిషానికి 750 పేలుళ్ళు, సెకనుకు పన్నెండున్నర. చెవితో లెక్కపెట్టడం అసాధ్యమే. సెల్‌ఫోనులో ఆ చప్పుడు రికార్డు చేసి, తెరమీద అలను సాగదీసి చూస్తే మాత్రం ఒక్కొక్క పేలుడూ ఒక్కొక్క మొనలాగా కనబడుతుంది. పది సెకన్లలో ఎన్ని మొనలున్నాయో లెక్కపెట్టి 12తో గుణిస్తే ఆర్.పి.యమ్. వస్తుంది. 125 మొనలుంటే సరిగ్గా 1500.

మొదటి కొలతే తప్పు కొలిచాను. రేవులో పడవను గుంజకు కట్టేసి, లివరు పూర్తిగా లాగి లెక్కపెడితే 86 వచ్చింది. అంటే 1032. ఘనకార్యం చేసినట్టు పెదనాన్నకు చెబితే, పక్కనున్న సరంగు తాత నవ్వాడు. "కట్టేసిన ఎద్దు ఎక్కడ నడుస్తాదిరా?" తాత చెప్పింది అక్షరాలా ఫిజిక్సు. పడవ కదలకుండా ఉంటే నిలిచిన నీటిని తొయ్యడానికి ప్రొపెల్లరు మీద బరువు ఇంకా ఎక్కువ పడుతుంది, ఇంజను వేగం మరింత పడిపోతుంది. లోతులేని చోట కూడా అంతే, పడవ అడుగున నీరు పీకుతుంది. అందుకని ఖాళీ పడవను ఏటి నడుమ లోతైన తిన్నని పాయలోకి తీసుకుపోయి, పూర్తి పరుగు మీద ఉండగా రికార్డు చేశాను. 96 మొనలు. 1152 ఆర్.పి.యమ్.

ఇక అడగవలసిన ప్రశ్న: తప్పు ఇంజనులోనా, ఇంజను లాగుతున్న దానిలోనా? దీనికి ఇంజను విప్పక్కర్లేదు. కప్లింగుకున్న నాలుగు బోల్టులు విప్పి షాఫ్టును వేరుచేసి, ఇంజనును ఖాళీగా తిప్పాం. 130 మొనలు, అంటే 1560. పొగ దాదాపు లేదు. పలక మీది 1500 నిండు బరువు మీద వేగం; గవర్నరున్న ఇంజను ఖాళీగా దానికి కొంచెం పైన తిరగడం సహజమే. అంటే లివరు తీగ, గవర్నరు నిర్దోషులు.

అంతమాత్రాన డీజిలు దారి నిర్దోషి అని తీర్పు చెప్పెయ్యడానికి వీల్లేదు. ఖాళీ ఇంజను తాగే డీజిలు చాలా తక్కువ. ఫిల్టరు సగం పూడుకుపోయినా ఖాళీగా చక్కగానే పరుగెడుతుంది, బరువు పడగానే చతికిలబడుతుంది. ఇక్కడ పొగే సాక్షి. డీజిలు చాలని ఇంజను నల్లపొగ విడవదు, నీరసంగా ఆగిపోతుంది. నల్లపొగ వస్తోందంటే లోపలున్న గాలి కాల్చగలిగినదానికంటే ఎక్కువ డీజిలు పోతోందన్నమాట. నీలం పొగ అయితే ఇంజనాయిలు కాలుతున్నట్టు. రింగులు పోయినప్పుడు సాధారణంగా వచ్చేది ఆ నీలం పొగే. మా పొగ మొదటిరోజు నుంచీ, ఆ స్క్రూ తిప్పకముందు నుంచీ, నలుపు. గేదెను అమ్మకముందే పొగ మాకు ఈ మాట చెబుతూనే ఉంది. మాకు దాని భాష రాలేదు.

గాలి తక్కువైందా, బరువు ఎక్కువైందా? ఏటి నడుమ దుమ్ము ఉండదు కాబట్టి రెండు నిమిషాలు ఎయిర్ ఫిల్టరు ఊడదీసి చూశాం. 96 కాస్తా 97 అయింది. గాలి కాదు. నాజిలు కొత్తది. మిగిలింది బరువు. పడవను ఇసుకలోకి లాగి అడుగు చూస్తే కొద్దిగా పాచి తప్ప ఏమీ లేదు. షాఫ్టు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది, పశువుల సావిట్లో మూల పడివున్న పాత ప్రొపెల్లరు.

దాన్ని తెచ్చి మన్ను కడిగితే బొడ్డు మీద 12, 8 అనే అంకెలు కనిపించాయి. కొత్తదాని మీద 13, 10. మొదటి అంకె వ్యాసం, అంగుళాల్లో. రెండోది పిచ్: చెక్కలో స్క్రూ దిగినట్టు, ఒక చుట్టుకు నీటిలో ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలన్నది. "ఒక్క అంగుళానికేనా ఇంత గొడవ?" అన్నాడు నాన్న. ఒక్క అంగుళం కాదు. ఒకే వేగంతో తిరిగే ప్రొపెల్లరుకు కావలసిన టార్కు దాని వ్యాసపు అయిదో ఘాతంతో పెరుగుతుంది. 13ను 12తో భాగించి అయిదుసార్లు గుణించుకోండి, 1.49 వస్తుంది. అంటే ఆ అంగుళం ఒక్కటే సగం బరువు అదనంగా వేసింది. పిచ్ కూడా పెరిగింది కనుక ఉజ్జాయింపున మొత్తం ముప్పావు వంతు ఎక్కువ వేసుకున్నాను. టార్కు వేగపు వర్గంతో మారుతుంది కాబట్టి, 1500ను 1.75 వర్గమూలంతో భాగిస్తే ఇంజను ఎక్కడ ఆగిపోవాలో తెలుస్తుంది. 1134 వచ్చింది. ఏట్లో నేను లెక్కపెట్టింది 1152. అంకెలు దగ్గరపడటంలో కొంత అదృష్టం కూడా ఉండవచ్చు. కాని నా చదువులో వండకుండా వచ్చిన మొదటి రీడింగు అదే.

ప్రొపెల్లరు మా బండికి కట్టిన పెద్ద ఎద్దు కాదు, బండిలో వేసిన పెద్ద బస్తా. ఎద్దు ఇంజనే. పాపం అది తన సత్తువంతా పెట్టి లాగుతూనే ఉంది. అయితే పవరంటే టార్కు ఒక్కటే కాదు, దానికి వేగం కూడా కలవాలి. 1152 దగ్గర ఆగిపోవడంతో ఆ పది గుర్రాల్లో రెండు గుర్రాలకు పైగా పనిలేక నిలబడిపోయాయి.

పాత ప్రొపెల్లరు రెక్కను వర్కుషాపులో తిన్నగా చేయించి, తూకం సరిచూసి బిగించాం. పంపు స్క్రూను ఆ పని తెలిసినచోట మళ్ళీ సరిచేయించాం. గెలలతో నిండిన పడవలో లెక్కపెడితే 122. గేదె వెల ముందు ఈ ఖర్చు దాని పలుపు ఖరీదుపాటి కూడా లేదు.

మెకానిక్కుల్ని తిట్టడం ఇక్కడ సులభం. నేను తిట్టలేను. మొదటాయన వచ్చి, రేవులో పావుగంట నిలబడి పొగ చూసి, "విప్పక్కర్లేదండీ, రెక్క మార్చుకోండి" అని ఉంటే మా నాన్న ఆయన చేతిలో ఏం పెట్టేవాడు? "ఏం చేశాడని డబ్బులు?" అనేవాడు, ఖాయంగా. మనం సామానుకు డబ్బిస్తాం, విప్పినందుకు కూలీ ఇస్తాం. ఆలోచించినందుకు ఇవ్వం. అందుచేత వాళ్ళు విప్పుతారు. రోగం కనుక్కోవడానికి రోజుకూలీ లేని దేశంలో ప్రతి ఇంజనుకూ రింగులు పోతాయి.

మన ప్రయోగశాల సంగతి మాత్రం వేరా? పెద్దలు నన్ను క్షమించాలి. మొదటేడు సింపుల్ పెండ్యులం ప్రయోగంలో మా బ్యాచిలో ఒకడికి 'జి' విలువ 978 వచ్చింది. పుస్తకంలో 980. వాడు గాభరాపడి, రబ్బరుతో చెరిపి, టైము రీడింగులు రెండు సర్ది 980 తెచ్చాడు. రికార్డులో టిక్కు పడింది. నిజానికి భూమి మీద 'జి' అన్నిచోట్లా ఒకటి కాదు, భూమధ్యరేఖవైపు వచ్చేకొద్దీ తగ్గుతుంది. మన కోస్తా అక్షాంశాల దగ్గర అది 978కి కాస్త పైన, 979కి లోపల ఉంటుంది. వాడి 978 మా స్టాప్‌వాచి పుణ్యమే కావచ్చు. అయినా తప్పు దిద్దుకున్నాననుకుని వాడు చెరిపేసింది నిజాన్ని. మార్కులు జవాబుకున్నాయి గనుక జవాబు నుంచి వెనక్కి నడిచి రీడింగులు తయారుచేస్తాం. "రింగులు పోయాయండీ" అన్న మెకానిక్కూ అదే చేశాడు: జవాబు ముందు, చూడటం తరువాత. మాకు టిక్కు పడింది, ఆయనకు కూలీ పడింది. తేడా ఏమైనా ఉంటే ఆయన చేతికి మసి అంటింది.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఏడాదికి కనీసం నాలుగు ప్రాక్టికల్సు చెడిపోయిన పరికరాలతో పెట్టండి. గాల్వనామీటరు కదలదు. ఎందుకు? వైరు తెగిందా, సెల్లు అయిపోయిందా, కాయిలు పోయిందా? విద్యార్థి ఏ ప్రశ్న ముందు అడిగాడు, ఆ ప్రశ్నకు ఎంత ఖర్చయింది, ఒకేసారి రెండు మార్చి గందరగోళపడ్డాడా, తన మొదటి ఊహ తప్పని ఎక్కడ ఒప్పుకున్నాడు అన్నవాటికి మార్కులు వేయండి. బాగుచేయలేకపోయినా ఫరవాలేదు. ఈ మాట ఒక అధ్యాపకులతో అంటే, "సిలబసుకే టైము చాలడంలేదు, పైగా దీనికి ప్రత్యేకంగా పరికరాలెక్కడివయ్యా?" అన్నారు. టైము సంగతి ఒప్పుకుంటాను. చెడిపోయిన పరికరాలకు మాత్రం మన కళాశాలలో కరువు లేదు. ల్యాబులో గోడవైపున్న బీరువా తాళం తీస్తే చాలు, మూడు బ్యాచిలకు సరిపోతాయి.

విద్యార్థి సంఘానికి కూడా ఒక మాట. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులకు వెళ్ళి రోడ్డు ఊడుస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం. మంచిదే. మరుసటి క్యాంపులో నలుగురు సైన్సు విద్యార్థుల్ని ఒక సెల్‌ఫోను, ఒక టేపు, ఒక నోటుబుక్కు ఇచ్చి డీజిలు పంపుసెట్ల దగ్గరకు, పడవల రేవులకు పంపండి. దేన్నీ విప్పనక్కర్లేదు. వేగం ఎంత ఉండాలి, ఎంత ఉంది, ఖాళీగా ఎంత, బరువు మీద ఎంత, పొగ ఏ రంగు – ఇవి రాసి రైతు చేతిలో పెడితే చాలు. మెకానిక్కు వచ్చినప్పుడు ఆ కాగితం చూపిస్తాడు. ఇద్దరి మధ్యా సంభాషణ మారుతుంది.

నా సంగతి చూడబోతే, ఊళ్ళో లేనిపోని పేరొచ్చింది. మొన్న సెలవులకు వెళ్తే ఇంకో రెండు పడవల వాళ్ళు పిలిచారు. ఒకదానికి ఎయిర్ ఫిల్టరు నిండా బురద. దాన్ని వాళ్ళే కడుక్కున్నారు. రెండోది ఇంకా తేలలేదు. ఖాళీగా కూడా 108 దాటడంలేదు, పొగా లేదు. కాబట్టి ప్రొపెల్లరు జోలికి పోవద్దన్నాను. లివరు తీగ పూర్తిగా లాగుతోందా అని చూశాను, లాగుతోంది. డీజిలు ఫిల్టరు మార్చాం, 108 అలాగే ఉంది. హాస్టలుకు వచ్చేశాక తోచింది, ట్యాంకు మూతకుండే గాలిచిల్లి పూడుకుపోతే కూడా డీజిలు సరిగా దిగదు. మూత వదులుచేసి నడిపి, పది సెకన్లు రికార్డు చేసి పంపమని నాన్నకు ఫోను చేశాను. ఆదివారం చేస్తానన్నాడు.